నీళ్ళు పట్టకూడని గోడ

మా గృహప్రవేశం రోజున పాలూ పొంగాయి, ఫైరింజనూ వచ్చింది. ఇప్పుడంటే నవ్వుతూ చెబుతున్నాను గానీ, ఆ రోజుల్లో ఎవరైనా ఆ మాటెత్తితే కస్సుమని లేచేదాన్ని. నేను రాయబోయేది అబ్రహాం గారి గురించి. ఆయన కథలో నా తెలివితక్కువతనం రెండుసార్లు వస్తుంది. మొదటిది దాటేసి రెండోది చెబితే ఎవరికీ అర్థం కాదు కాబట్టి, పరువు పక్కనపెట్టి మొదటినుంచీ చెబుతాను.

1979 నవంబరులో, అమెరికాలో పిస్కాటవే అనే ఊళ్ళో ఇల్లు కొన్నాం. అప్పటికి చుట్టుపక్కల ఉన్న తెలుగు కుటుంబాలు వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని. పురోహితుడు లేడు. యూనివర్సిటీలో ఫిజిక్స్ పరిశోధన చేస్తున్న శ్రీధర్‌కి కాసిని మంత్రాలు వచ్చు గనక అతనే మా అందరికీ పురోహితుడు. అతను వంటింట్లో ఎలక్ట్రిక్ స్టవ్వు చూసి పెదవి విరిచాడు. "ఇందులో మంటేదండీ? కాయిల్ ఎర్రబడుతుందంతే. పాలు అగ్నిమీద పొంగాలి కదా," అన్నాడు. హాల్లో నిలువెత్తు ఇటుక ఫైర్‌ప్లేస్ ఉంది. ఇంకేం, అందరి చూపూ దానిమీద పడింది.

లోపల మూడు ఇటుకలు పేర్చి, కొత్త గిన్నెలో పాలు పోసి, కట్టెలు ఎగదోశాం. పొగగొట్టంలో ఇనపమూత ఒకటుంటుందనీ, మంట పెట్టేముందు దాన్ని తియ్యాలనీ ఆ గదిలో ఉన్న ఇరవైమందిలో, నలుగురు డాక్టరేట్లతో సహా, ఒక్కరికీ తెలియదు. పాలకంటే ముందు పొగ పొంగింది. పట్టుచీరలూ పంచెలూ దగ్గుకుంటూ వాకిట్లోకి పరిగెత్తాయి. మా ఆయన జగన్మోహన్ కిటికీలు తెరిచే పనిలో పడ్డారు. ఇంతలో పాలు బుస్సుమని పొంగాయి, ఎవరో ఆ దగ్గులోనే "శుభం!" అని అరిచారు. నేను బకెట్టెడు చన్నీళ్ళు తెచ్చి, మంటమీదా కాలిన వెనకగోడమీదా ఒక్క ఊపున కుమ్మరించాను. గోడ ఫటఫటమని పగిలింది.

పక్కింటావిడ ఫోన్ చేస్తే వచ్చిన ఫైర్‌మన్, చెయ్యి లోపలికి పోనిచ్చి ఒక పిడి లాగాడు. పొగంతా బుద్ధిగా పైకి పోయింది. ఆ మూతని డాంపర్ అంటారట. తరవాత టార్చిలైటు వేసి గోడలో పగుళ్ళు చూపించాడు. వాటిలోంచి ఒక్క నిప్పురవ్వ వెనకాల ఉన్న చెక్కగోడలోకి వెళ్ళినా ఇల్లు దక్కదనీ, బాగుచేయించేదాకా అందులో అగ్గిపుల్ల కూడా గీయొద్దనీ చెప్పి పోయాడు.

ఊళ్ళో పేరున్న తాపీమేస్త్రి డిలూకా అనే ముసలి ఇటాలియన్. వచ్చి చూసి, ఎలా పగిలిందని అడిగాడు. చెప్పాను. "వేడి ఇటుకమీద నీళ్ళా?" అని నన్ను ఎగాదిగా చూసి పకపకా నవ్వాడు. లోపలిదంతా విప్పి మళ్ళీ కట్టాలన్నాడు. చలికి తన మోకాళ్ళు పనిచెయ్యవు గనక మార్చి దాకా రాలేనన్నాడు. ఆ ఏడు హీటింగ్ ఆయిల్ ధర మండిపోతోంది. ఫైర్‌ప్లేస్ ఉందనే కదా ఈ ఇల్లు కొన్నాం అని మా ఆయన రోజూ భోజనం దగ్గర గుర్తుచేసేవారు.

నా గోడు కరుణమ్మ గారి దగ్గర వెళ్ళబోసుకున్నాను. మా అమ్మాయి పుట్టినప్పుడు ఆస్పత్రిలో నన్ను చూసుకున్న నర్సు ఆవిడ. రాజమండ్రి వైపు మనిషి, మాట నిక్కచ్చి. నర్సులకి ఇక్కడ గిరాకీ గనక ముందు ఆవిడ వచ్చి, తరవాత భర్తని రప్పించుకున్నారు. ఆయన్ని నేను ఉగాది సభల్లో చూసేదాన్ని. కోటు గుండీలన్నీ పెట్టుకుని గోడవార కుర్చీలో కూర్చునేవారు. అందరికీ నమస్కారం పెట్టేవారు, ఎవరితోనూ మాట్లాడేవారు కాదు. ప్లాస్టిక్ మూతలు చేసే ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని అని మాత్రం తెలుసు. పేరు మాలో ఎవరికీ తెలియదు. "కరుణమ్మ గారి హస్బెండ్" అనేవాళ్ళం. తెలుగు సంఘం అడ్రసుల పుస్తకంలో కూడా ఆవిడ పేరే ఉండేది.

"మా ఆయన్ని పంపిస్తాను," అన్నారు కరుణమ్మ గారు. "ఆయన మా ఊళ్ళో బట్టీమేస్త్రి అండీ. పెంకుల ఫ్యాక్టరీలో బట్టీ గోడ పగిలిందంటే ఈయన చెయ్యి పడందే మళ్ళీ వెలిగించేవాళ్ళు కాదు. ఇక్కడ మూడేళ్ళబట్టీ డబ్బాల్లో మూతలు సర్దుతున్నాడు."

శనివారం పొద్దున రెండు బస్సులు మారి వచ్చారాయన. చేతిలో గుడ్డసంచి, అందులో ఊరినుంచి తెచ్చుకున్న తాపీ. దాని చెక్కపిడి అరిగి అరిగి ఆయన అరచేతికి తగ్గట్టు తయారైంది. "నా పేరు అబ్రహామండి," అన్నారు. ఫైర్‌ప్లేస్‌లోకి సగం మనిషి దూరి, పిడితో ఒక్కొక్క ఇటుకనీ కొట్టి, చెవి ఆనించి విన్నారు. "ఇది బాగుందండి. ఇదీ బాగుందండి. ఇదిగో, ఇది పోయిందండి." అలా గోడంతా విని బయటికొచ్చేసరికి మొహం నిండా మసి, ఆ మసిలో ఇంత నవ్వు. ఆ మనిషి నవ్వగా చూడడం నాకదే మొదటిసారి.

"గోడ విప్పక్కర్లేదమ్మా. పోయినవి రెండే ఇటుకలండి. మిగతాదంతా సందుల్లో మట్టి పెళుసెక్కి రాలిపోయింది. అది తవ్వేసి కొత్తది కూరితే మనందరి తరవాత కూడా ఉంటదండి."

"సిమెంటు తెప్పించమంటారా?"

ఆయన నొచ్చుకున్నట్టు చూశారు. "నిప్పు దగ్గర సిమెంటు ఆగదండి. ఫైర్ క్లే కావాలండి."

ఫైర్ క్లే అంటే మంటకి తట్టుకునే మట్టి. హార్డ్‌వేర్ షాపుల్లో అరచేతిలో పట్టే డబ్బాలు తప్ప బస్తా దొరకలేదు. ఎవరో చెబితే ఆయన, ఇటుకా మట్టీ నిలవ ఉంచుకునే డిలూకా యార్డుకే వెళ్ళారట. అక్కడ జరిగినదంతా కరుణమ్మ గారు ఫోన్‌లో చెప్పారు.

"ఎందుకయ్యా నీకిది అని ఆ ముసలాయన అడిగాడంట. ఈయన వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలూ నోటితో, మిగతాది చేతుల్తో చెప్పాడంట. 'నేను విప్పాలన్న గోడ నువ్వు నిలబెడతావా? అయితే మంట పెట్టే రోజు నన్ను పిలు. నిలబడిందా, స్ప్రింగ్‌లో నా దగ్గర జాబ్ నీదే' అన్నాడంటండీ. బస్తా కూడా తన ట్రక్‌లోనే తెచ్చి దింపుతాడంట. రాధారాణి గారూ, మూడేళ్ళ తరవాత ఈ మనిషి అన్నంలో మారు కూర అడిగాడండీ."

ఆ గోడ నిలబడాలని నేనూ మనస్ఫూర్తిగా కోరుకున్నాను. అంతగా కోరుకున్నాను గనకే ఆ తరవాత ఆ పని చేశాను.

అబ్రహాం గారు రెండు శనివారాలు పనిచేశారు. మొదటి శనివారమంతా తవ్వకమే. సన్నటి ఉలితో సందుల్లో పాతమట్టి గీకడం, నోటితో ఊదడం, కుంచెతో దులపడం. రెండు చెడ్డ ఇటుకల్ని పక్క ఇటుక కదలకుండా ఊడదీశారు. "కంగారు పడితే మంచిది కూడా పోద్దండి," అన్నారు నేను గుమ్మంలో నిలబడి చూస్తుంటే. రెండో శనివారం మట్టిలో ఇటుకపొడి కలిపి, వేలితో తీసి చూసి, ఇంకాస్త కలిపి, మళ్ళీ చూసి, అప్పుడు కూరడం మొదలుపెట్టారు. మా అమ్మాయి ఎదురుగా కూర్చుని చప్పుడు చెయ్యకుండా గంటసేపు చూసింది. ఆ పిల్ల అంతసేపు ఊరుకోవడం మా ఇంట్లో రికార్డు.

వెళ్ళేటప్పుడు, "ఎనిమిది రోజులు, పై ఆదివారం దాకా అలా వదిలెయ్యండమ్మా. మీరేం శ్రమ పడొద్దు. చర్చి అయ్యాక నేనొచ్చి మంట పెడతాను," అన్నారు.

శ్రమ పడొద్దంటే మర్యాదకి అన్నారనుకున్నాను. కాఫీ వద్దన్నవాళ్ళకి కాఫీ ఇస్తాం, చాలు చాలన్నవాళ్ళకి ఇంకో గరిటె వడ్డిస్తాం. అన్నమాట అన్నట్టే తీసుకుంటే మనం మనుషులమేనా? పైగా నాకు కట్టుబడి పని కొత్త కాదు. తెనాలిలో మా నాన్నగారు ఇల్లు కట్టినప్పుడు నాకు పదేళ్ళు. బడికి వెళ్ళేముందొకసారి, వచ్చాక ఒకసారి కొత్తగోడలకి నీళ్ళు పట్టడం నా డ్యూటీ. ఒక్కపూట మానితే గోడ బీటలిస్తుందని మా నాన్నగారు కేకలేసేవారు. అబ్రహాం గారు పాపం రెండు బస్సులు మారి రోజూ వచ్చి నీళ్ళేం పడతారు? ఆ మాటే మొహమాటపడి చెప్పలేకపోయారు, నేనే పడదాం అనుకున్నాను.

బియ్యం వచ్చిన గోనెసంచి తడిపి గోడకి ఆనించి కట్టాను. పొద్దునా సాయంత్రం చెంబుతో నీళ్ళు పోశాను. ఎనిమిది రోజుల్లో ఒక్కపూట తప్పలేదు. మా ఆయన చూసి, "బాగా గుర్తుపెట్టుకున్నావే," అని మెచ్చుకున్నారు కూడా. ఆదివారం పొద్దున సంచి తీసి చుట్టి పక్కనపెట్టి, మధ్యాహ్నానికి పైపైన ఆరేలా గోడని పొడిగుడ్డతో తుడిచి, ముందు చిన్న ముగ్గు కూడా వేశాను.

మధ్యాహ్నం అబ్రహాం గారు చర్చి సూటుతోనే వచ్చారు. కరుణమ్మ గారు కేకు చేసి తెచ్చారు. డిలూకా టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. అబ్రహాం గారు డాంపర్ తెరిచి, కాగితాలూ చితుకులూ పేర్చి, కళ్ళు మూసుకుని ఒక్క క్షణం ప్రార్థన చేసుకుని అగ్గిపుల్ల గీశారు.

మొదట బాగానే ఉంది. తరవాత గోడలోంచి సుయ్‌మని చప్పుడు వచ్చింది. సందులన్నీ ఆవిరి కక్కాయి. టప్పున ఒక మట్టిముద్ద మంటలో పడింది. దాని వెనకాలే ఇంకొకటి, ఇంకొకటి. కరుణమ్మ గారు కేకు పళ్ళెం బల్లమీద పెట్టేశారు.

మంట చల్లారాక అబ్రహాం గారు వంగి ఒక ముద్ద తీసి వేళ్ళమధ్య నలిపారు. పక్కన చుట్టిపెట్టిన గోనెసంచి వైపు ఒకసారి చూశారు. నా వైపు ఒకసారి చూశారు. డిలూకా వైపు తిరిగి, "సారీ సర్. మై మిస్టేక్," అన్నారు. డిలూకా భుజాలెగరేసి, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. కేకు ఎవరూ కొయ్యలేదు.

వాళ్ళు వెళ్ళాక నేను ఊరుకున్నానా? "బట్టీమేస్త్రి అట, బట్టీమేస్త్రి! నాలుగు కాగితాల మంటకే ఊడిపోయింది. ఎనిమిది రోజులు నా నడుం పడిపోయేట్టు నీళ్ళు పట్టింది ఇందుకా?" అని మా ఆయనమీద విరుచుకుపడ్డాను. అది చాలక నా స్నేహితురాలు రేణుకి ఫోన్ చేసి మరీ చెప్పాను.

మంగళవారం, మిగిలిన ఫైర్ క్లే బయట పారేద్దామని బస్తా ఎత్తాను. వెనకవైపు ఏవో అక్షరాలు కనిపించాయి. నేను ఎం.ఏ. ఇంగ్లీషు. మూడు వారాలుగా నా హాల్లో ఉన్న బస్తామీద ఏం రాసుందో ఒక్కసారి కూడా చదవలేదు. పూసిన మట్టిని పూర్తిగా ఆరనివ్వాలనీ, మొదటి మంట పడేదాకా తడి తగలనివ్వకూడదనీ రాసి ఉంది. మూడుసార్లు చదివాను.

వెంటనే పరిగెత్తి తప్పు ఒప్పుకున్నానని రాయగలిగితే బాగుండును. ఒప్పుకోలేదు. గోనెసంచిని గరాజ్‌లో పెట్టెల వెనకాల దాచి, ఎవరికి తెలుస్తుందిలే అని ఒకరోజంతా గడిపాను. నన్ను తలుచుకుంటే నాకే అసహ్యం వేసిన రోజు అది.

బుధవారం కరుణమ్మ గారు ఫోన్ చేశారు. "తాపీ ఎవరికైనా ఇచ్చెయ్యమంటున్నాడండీ. ఇంక దీంతో పనేముంది అంటాడు. ఫ్యాక్టరీలో రెండో షిఫ్ట్ కూడా చేస్తానని ఒప్పుకుని వచ్చాడు. పోనీలెండి. మీకే అనవసరంగా ట్రబుల్ ఇచ్చాం," అన్నారు.

ట్రబుల్ ఇచ్చింది వాళ్ళట! ఫోన్ పెట్టేసి, అమ్మాయిని చంకనేసుకుని కారెక్కాను.

అబ్రహాం గారు అపార్ట్‌మెంట్‌లో టిఫిన్ డబ్బా సర్దుకుంటున్నారు. కూర్చోమన్నా కూర్చోకుండా, గోనెసంచీ చెంబూ ఎనిమిది రోజులూ మొత్తం గుక్కతిప్పుకోకుండా చెప్పేశాను. ఆయన డబ్బా మూత పెట్టి, నెమ్మదిగా, "తెలుసమ్మా," అన్నారు.

"తెలుసా?"

"ఆరిన మట్టయితే పలుకుగా విరుగుద్దండి. అది వెన్నలాగా జారింది. గోనె తడి వాసన కూడా వచ్చింది."

"మరి ఆ ముసలాయనకి చెప్పలేదేం?" ఈ కేక నాది కాదు, కరుణమ్మ గారిది. "ఇంటికొచ్చి నాకైనా చెప్పలేదేం? నీ మర్యాద తగలెయ్య!"

"ఆవిడ ఇంట్లో నిలబడి, పరాయి మనిషి ముందు, చెడగొట్టింది ఈవిడే అని ఎలా చెప్పేది కరుణా? వేడి ఇటుకమీద నీళ్ళు పోశారని ఆ ముసలాయన ముందే ఒకసారి ఆవిడ్ని చూసి నవ్వాడంట. మళ్ళీ నవ్వించమంటావా? చెడిపోవాలని పోశారా ఏంటి? గోడ బాగుండాలనే కదా." తరవాత నా వైపు తిరిగి, "నీళ్ళు మాత్రం బాగా పట్టారమ్మా. ఒక్క సందు కూడా పొడిగా లేదు," అన్నారు.

ఏడుస్తున్నదాన్ని ఫక్కున నవ్వేశాను. ఆ మనిషి తన మూడేళ్ళ ఆశ మంటలో రాలిపోతుంటే చూసి కూడా నా పరువు కాపాడారు. నేనేమో ఆయన పరువు ఫోన్‌లో తీశాను. ఆ మాట ఆయనతో అప్పుడూ చెప్పలేకపోయాను, ఇక్కడే రాస్తున్నాను.

వాళ్ళ ఫోన్‌లోంచే డిలూకాకి ఫోన్ చేసి, గోడ చెడగొట్టింది నేనేనని చెప్పాను.

"మళ్ళీ నీళ్ళా, లేడీ?" అన్నాడు.

"అవునండి."

"ఎన్నాళ్ళు?"

"ఎనిమిది రోజులు. రెండుపూటలా."

అవతల్నించి దగ్గో నవ్వో తెలియని శబ్దం చాలాసేపు వచ్చింది. మా దేశంలో కట్టిన ప్రతిదానికీ నీళ్ళు పడతారని చెప్పుకున్నాను. "మరి ఆ మనిషి ఆ మాట నాతో ఎందుకనలేదు?" అన్నాడు. నా పరువు పోతుందని అన్నాను. ఈసారి నవ్వలేదు. "శనివారం ఎనిమిదింటికి వస్తాను. నీ బకెట్లన్నీ దాచిపెట్టు," అన్నాడు.

దాచక్కర్లేకపోయింది. ఒక బకెట్ బోర్లించి దానిమీద డిలూకాయే కూర్చుని, అబ్రహాం గారు సందులు మళ్ళీ తవ్వి కూరుతుంటే సాయంత్రం దాకా చూశాడు. ఇద్దరూ మాట్లాడుకున్నవి పది మాటలుంటాయేమో. ఒకసారి అబ్రహాం గారు చెయ్యి చాపితే, అడక్కుండానే డిలూకా కుంచె అందించాడు. చివరి సందు నింపాక, "నీ పేరు వెయ్యి," అన్నాడు. అబ్రహాం గారికి అర్థం కాక నా వైపు చూస్తే తెలుగులో చెప్పాను.

"పెంకులమీద ఓనరు పేరే ఉండేదండి. చేసినోళ్ళ పేరు ఎవరేస్తారు?"

"ఆయన వెయ్యమంటున్నారు, వెయ్యండి," అన్నాను.

కాసేపు తటపటాయించి, కుడిచేతి మూల, పచ్చిమట్టిలో తాపీ మొనతో 'అ' అని రాశారు. డిలూకా అదేం అక్షరమని అడగలేదు, తలూపాడు.

ఆ రోజు వెళ్ళేటప్పుడు కరుణమ్మ గారు మా బకెట్లు రెండూ, చెంబూ, ఆఖరికి అమ్మాయి స్నానం మగ్గు కూడా కారులో వేసుకుని పోయారు. ఎనిమిది రోజులు ఆ హాల్లోకి నేను మంచినీళ్ళ గ్లాసుతో కూడా వెళ్ళలేదు.

తరవాతి ఆదివారం కాగితాల మంట, అది ఆరాక చితుకుల మంట, ఆ తరవాత సన్నకట్టెలు. గోడ కిక్కురుమనలేదు. చల్లారాక డిలూకా మోకాళ్ళు పట్టుకుని మూలుగుతూ వంగి, నాణెంతో ఇటుకల్ని కొట్టి విన్నాడు. లేచి చెయ్యి చాపాడు. "మార్చి ఒకటి. పొద్దున ఏడింటికి. మంచి బూట్లు వేసుకుని రా," అన్నాడు. కరుణమ్మ గారు వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి, నీళ్ళ చప్పుడులో కాసేపు ఏడ్చి వచ్చి, కేకు కోశారు.

నాలుగేళ్ళకి డిలూకా పని మానేసి యార్డు అబ్రహాం గారికి అప్పగించాడు. ఆ తరవాత ఈ చుట్టుపక్కల ఎవరు ఇల్లు కొన్నా, శ్రీధర్ ముహూర్తం పెడితే అబ్రహాం గారు గంట ముందు వ్యానులో వచ్చేవారు. పొగగొట్టం చూసి, సందులు తడిమి, మంత్రాలు జరుగుతున్నంతసేపూ డాంపర్ పిడిమీద చెయ్యి వేసి ఓ మూల నిలబడేవారు. పాలు పొంగగానే అందరికంటే ముందు ఆయనే నవ్వేవారు. 1986లో తెలుగు సంఘం అడ్రసుల పుస్తకం మళ్ళీ అచ్చేస్తే 'అ' దగ్గర మొదటి పేరు ఆయనది. ఆ ఏడు ఉగాదికి ఎవరో కొత్తావిడ, "మీరు అబ్రహాం గారి మిసెస్సా?" అని అడిగిందట. "చూశారా నా గతి! పాతికేళ్ళు నర్సుగా చేసి మిసెస్‌గా మిగిలాను," అని కరుణమ్మ గారు ఆ సాయంత్రం కనీసం ఆరుగురితో చెప్పుకుని మురిసిపోయారు.

మా ఫైర్‌ప్లేస్ ఇవాళ్టికీ చెక్కుచెదరలేదు. ఏటా ఏప్రిల్‌లో చలికాలపు మసి దులిపితే, కుడిచేతి మూల ఆ 'అ' మళ్ళీ బయటపడుతుంది. ఆ మూల ఇంకెవర్నీ ముట్టుకోనివ్వను. నేనే కూర్చుని దులుపుతాను, పొడి బ్రష్‌తో.